గుండెను కాచే వాయువు: మీథేన్ మేలా, హైడ్రోజన్ మేలా?

మా చిన్న మామకు నెల్లూరు దగ్గర మైపాడు వైపు మూడు రొయ్యల గుంటలున్నాయి. నిరుడు ఎండాకాలంలో ఒక తెల్లవారుజామున మేత మిగిలిందో లేదో చెక్ ట్రేలు చూద్దామని గట్టు మీదికి పోయిన మనిషి, ఏరియేటర్ల స్టార్టర్ బాక్స్ దగ్గరే కూలబడ్డాడు. ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టు బరువు, దవడ లాగుతోంది, బనియన్ పిండితే నీళ్లు కారేంత చెమట. "ఏం లేదురా, రాత్రి పులుసు ఎక్కువైంది, గ్యాస్ పట్టింది" అన్నాడు. సోడా తాగించారు. మాత్ర వేశారు. దారిలో ఒక చిన్న క్లినిక్‌లో చూపిస్తే వాళ్లూ గ్యాస్ అనే ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపారు. చివరికి నెల్లూరులో ఆంజియోప్లాస్టీ టేబుల్ ఎక్కేసరికి నొప్పి మొదలై ఐదు గంటలు దాటింది.

బతికాడు. కానీ గుండె కొట్టుకునే బలం బాగా తగ్గింది. డాక్టరు గారు బయటికొచ్చి ఒక మాట చెప్పారు, అది నన్ను వదల్లేదు: "రక్తం ఆగినప్పుడు కొంత కండరం పోయింది. మేం మూసుకున్న నాళం తెరిచి రక్తం వదిలినప్పుడు ఇంకొంత దెబ్బతింటుంది. ఆ రెండో దెబ్బకు మా దగ్గర మందు లేదు."

నెల తర్వాత మా బామ్మర్ది, అంటే మామ కొడుకు, రెండు వీడియోలు పంపాడు. ఒకటి హైడ్రోజన్ కరిగించిన నీళ్ల బాటిల్ గురించి. రెండోది, మీథేన్ వాయువు గుండెను, కాలేయాన్ని, కిడ్నీలను కాపాడుతుందని. "బావా, నువ్వు ఉండేది నీళ్ల ల్యాబ్‌లోనే గదా. ఈ రెండిట్లో ఏది మంచిదో చెప్పు. నాన్నకు కొంటా" అన్నాడు.

నాది ఆక్వా ల్యాబ్. పొద్దున లేస్తే రైతులు సీసాల్లో తెచ్చే గుంట నీళ్లకు పీహెచ్, అమ్మోనియా, ఆక్సిజన్, ఉప్పు శాతం చూడడమే పని. అడుగు మట్టిలో పుట్టే వాయువులు నా లెక్కలో శత్రువులు. అలాంటి వాయువు ఒకటి అవయవాలను కాస్తుందంటే నమ్మబుద్ధి కాలేదు. కానీ అడిగింది ఇంటి పిల్లాడు, అడిగింది తండ్రి కోసం. తోసిపుచ్చలేక రెండు మూడు వారాలు కూర్చుని చదివాను. నాకు తేలింది ఇక్కడ రాస్తున్నాను.

తిరిగొచ్చిన రక్తం ఎందుకు కొడుతుంది?

సోమశిల కాలువల కింద సేద్యం చేసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాలువ చాలాకాలం ఎండితే గట్లు నెర్రెలిస్తాయి, చెత్త పేరుకుంటుంది. అప్పుడు నీళ్లు ఒక్కసారిగా వదిలితే పంటకు అందే లోపే గట్టు తెగుతుంది. అలాగని నీళ్లు వదలకుండా ఉండలేం, వదలకపోతే పంట మొత్తం పోతుంది. గుండెపోటులోనూ అంతే. నాళం తెరవాల్సిందే, అందులో రెండో మాట లేదు. తెరిచిన తొలి నిమిషాల్లో జరిగే నష్టమే ఇక్కడి సమస్య.

రక్తం ఆగినప్పుడు కణంలో శక్తి నిల్వలు అడుగంటుతాయి. ఆ శక్తిని మోసే ఏటీపీ అణువు విరిగి హైపోజాంథీన్ అనే పదార్థం పోగవుతుంది. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో సక్సినేట్ అనే ఇంకో పదార్థం పేరుకుంటుంది. ఇవి రెండూ ఆక్సిజన్ కోసం కాచుకుని ఉన్నట్టే. రక్తంతో పాటు ఆక్సిజన్ రాగానే సూపర్ ఆక్సైడ్ లాంటి చురుకైన ఆక్సిజన్ అణువులు ఒక్కసారిగా పుడతాయి. కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, మైటోకాండ్రియా పొరకు రంధ్రం పడుతుంది, కణం చస్తుంది. వెనకే తెల్లరక్తకణాలు వచ్చి వాపు పెంచుతాయి. 1985లోనే బ్రాన్‌వాల్డ్, క్లోనర్ అనే అమెరికా హృద్రోగ వైద్యులు దీన్ని రెండంచుల కత్తి అన్నారు. గుండెకే కాదు, మెదడుకు, పేగుకు, కాలేయానికి, మార్పిడి చేసిన కిడ్నీకి కూడా ఇదే కథ.

మీథేన్ అయినా హైడ్రోజన్ అయినా చేస్తామంటున్నది ఈ రెండో దెబ్బను తగ్గించడమే. ఈ సంగతి మనసులో పెట్టుకోకపోతే మిగతాదంతా పక్కదారి పడుతుంది.

మీథేన్ పక్షాన

నాట్లప్పుడు ఇందుకూరుపేట పొలాల్లో మడిలో కాలు దించితే పిక్క పక్కనుంచి బుడగలు బుడబుడ పైకొస్తాయి. అది ఎక్కువగా మీథేనే. 1776లో ఇటలీలో వోల్టా ఒక సరస్సు ఒడ్డున బురద కదిపి పట్టుకున్నది ఈ వాయువునే. ఒంగోలు ఆవు నెమరేస్తూ త్రేన్చినప్పుడు వచ్చేదీ ఇదే. వెనకనుంచి వస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, పశువుల మీథేన్‌లో ఎక్కువ భాగం నోటి గుండానే పోతుంది. గోబర్ గ్యాస్‌లో సగానికి పైగా ఇదే. రంగు లేదు, వాసన లేదు. బురద దగ్గర వచ్చే కంపు దానిది కాదు, దాని పక్కన ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది.

మన కడుపులోనూ పుడుతుంది. పెద్దపేగులో మెథనోబ్రెవిబాక్టర్ స్మిథై అనే సూక్ష్మజీవి నాలుగు హైడ్రోజన్ అణువులను, ఒక కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని ఒక మీథేన్‌ను చేస్తుంది. పెద్దవాళ్లలో సుమారు మూడో వంతు మంది ఊపిరిలో మీథేన్ కనబడుతుంది. చాలాకాలం దీన్ని పనికిరాని పొగ కిందే లెక్కేశారు. మలబద్ధకం ఉన్నవాళ్లలో ఎక్కువ కనిపిస్తుందని, పేగు కదలికను నెమ్మదింపజేస్తుందని మాత్రం తెలుసు.

మలుపు 2012లో వచ్చింది. హంగరీలోని సెగెడ్ విశ్వవిద్యాలయంలో బోరోస్ బృందం కుక్కల్లో పేగుకు రక్తం ఆపి మళ్లీ వదిలింది. కొన్నిటికి ఆ సమయంలో 2.5 శాతం మీథేన్ కలిపిన గాలి పీల్పించింది. వాటి పేగులో వాపు, కణజాల నష్టం తక్కువగా కనబడ్డాయి. ఆ తర్వాత చైనా పరిశోధకులు మీథేన్‌ను ఒత్తిడి మీద సెలైన్‌లో కరిగించి ఎలుకలకు ఇచ్చారు. కాలేయం, మూత్రపిండం, కంటి రెటీనా, చర్మం, గుండె, ఇన్‌ఫెక్షన్‌తో వాచిన ఊపిరితిత్తి, ఒక్కో దానిలో ఒక్కో ప్రయోగం. దాదాపు అన్నిట్లోనూ ఒకే తీరు: చనిపోయే కణాలు తగ్గాయి, వాపు రసాయనాలు తగ్గాయి.

ఎలా పనిచేస్తుంది? నాకు బాగా ఆసక్తి కలిగింది ఇక్కడే. మీథేన్ మందకొడి వాయువు. ఒంటి వేడిలో దాదాపు దేనితోనూ చర్య జరపదు. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ కొన్ని బ్యాక్టీరియాలకుంది, మన కణాలకు లేదు. అంటే నేరుగా పోయి చెడ్డ ఆక్సిజన్‌ను మింగేది కాదు. అయినా మీథేన్ ఇచ్చిన ఎలుకల్లో కణాలు తమను తాము కాచుకునే ఎన్ఆర్ఎఫ్-2 అనే మీట పైకి లేస్తోంది, వాపును రగిలించే ఎన్ఎఫ్-కప్పా-బి తగ్గుతోంది, వాపును చల్లార్చే ఇంటర్‌ల్యూకిన్-10 పెరుగుతోంది. నీటిలో కంటే కొవ్వులో తేలిగ్గా కరిగే వాయువు కాబట్టి కణాల పొరల్లో చేరి వాటి గుణం మారుస్తుందేమో అన్నది ఒక ఊహ. ఇంకో సంగతి: 2022లో జర్మనీ శాస్త్రవేత్తలు జీవులన్నిట్లోనూ, సూక్ష్మజీవుల ప్రమేయం లేకుండానే, చురుకైన ఆక్సిజన్ అణువుల వల్ల కొద్ది కొద్దిగా మీథేన్ పుడుతుందని చూపించారు. కణం ఒత్తిడికి గురైనప్పుడు మీథేన్ పుడుతుందంటే, దానికి ఒంట్లో ఒక పని ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం.

హైడ్రోజన్ పక్షాన

హైడ్రోజన్ కథ ఐదేళ్లు ముందు మొదలైంది. 2007లో జపాన్‌లో ఓటా బృందం, హైడ్రోజన్ పీల్చిన ఎలుకల మెదడులో రక్తం ఆగి వచ్చిన నష్టం తగ్గిందని ప్రకటించింది. అన్నిటికంటే ప్రమాదకరమైన హైడ్రాక్సిల్ అణువును మాత్రమే హైడ్రోజన్ ఏరుకుని నీరుగా మారుస్తుందని, ఒంటికి అవసరమైన మిగతా చురుకైన ఆక్సిజన్ అణువుల జోలికి పోదని వాళ్ల వాదన. వినడానికి చాలా అందంగా ఉంటుంది. అందులో ఒక చిక్కుంది. హైడ్రాక్సిల్ అణువు ఎంత తొందరపాటుదంటే, పుట్టిన చోటే ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. పలచగా ఉన్న హైడ్రోజన్ అక్కడిదాకా వచ్చేలోపు పని అయిపోతుంది. అందుకే హైడ్రోజన్ కూడా లోపలి మీటలనే తడుతోందని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు.

అయితే హైడ్రోజన్‌కు మీథేన్‌కు లేనిది ఒకటుంది: మనుషుల మీద జరిగిన పరీక్ష. జపాన్‌లో 15 ఆసుపత్రుల్లో గుండె ఆగి, మళ్లీ కొట్టుకుని, స్పృహ రాని రోగులకు 18 గంటలు 2 శాతం హైడ్రోజన్ కలిపిన ఆక్సిజన్ ఇచ్చారు. ఫలితాలు 2023లో వచ్చాయి. కొవిడ్ వల్ల మధ్యలో ఆపేయాల్సి వచ్చింది, తేలింది 73 మందే. మెదడు బాగా కోలుకోవడం అనే ముఖ్యమైన కొలతలో హైడ్రోజన్ వర్గం 56 శాతం, మామూలు వర్గం 39 శాతం. అంత కొద్దిమందిలో ఆ తేడా గణాంకాల పరీక్షకు నిలబడలేదు. కానీ 90 రోజులకు బతికున్నవాళ్లు హైడ్రోజన్ వర్గంలో 85 శాతం, రెండో వర్గంలో 61 శాతం. ఇది నిలబడింది. ఆశ పెట్టుకోదగ్గ సంగతే. 73 మందితో తీర్పు చెప్పకూడదు కూడా.

నా మట్టుకు ఈ ఒక్క పరీక్షే తక్కెడను హైడ్రోజన్ వైపు వంచింది. ఎలుకల్లో వంద విజయాలకంటే మనుషుల్లో జరిగిన ఒక నిజాయితీ ప్రయత్నం నాకు ఎక్కువ.

సీసాలో ఎంత పడుతుంది?

బామ్మర్ది అడిగింది బాటిల్ గురించి కాబట్టి ఇక్కడ కాస్త నిలబడాలి. ఇది నా రోజూ పని కూడా. గుంటలో ఏరియేటర్లు ఎంత తిప్పినా నీళ్లలో కరిగే ఆక్సిజన్‌కు ఒక హద్దు ఉంటుంది. వేడి పెరిగినా, ఉప్పు పెరిగినా ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. ఏ వాయువుకైనా ఇదే న్యాయం.

మామూలు ఒత్తిడిలో లీటరు నీళ్లలో కరిగే హైడ్రోజన్ 1.6 మిల్లీగ్రాములు. వాయువుగా కొలిస్తే 20 మిల్లీలీటర్లు కూడా ఉండదు. చిక్కుడుకాయ కూరో, అలసందలో తిన్న రోజు మన పెద్దపేగులో సూక్ష్మజీవులు అంతకు ఎన్నో రెట్లు హైడ్రోజన్ చేస్తాయి, ఉచితంగా. వేల రూపాయల బాటిల్ మూత తీసి, నాలుగు గుక్కలు తాగి, మిగతాది కాసేపు పక్కన పెడితే అందులో ఉన్నదీ గాల్లో కలిసిపోతుంది. జపాన్ పరీక్షలో ఇచ్చింది ఈ నీళ్లు కాదు, 18 గంటలు ఆగకుండా పీల్చే వాయువు. ఆ ఫలితాన్ని చూపించి ఈ బాటిల్ అమ్మితే నేను ఒప్పుకోను.

మీథేన్ కొంచెం ఎక్కువ కరుగుతుంది. లీటరుకు సుమారు 22 మిల్లీగ్రాములు, వాయువుగా 30 మిల్లీలీటర్లకు కాస్త పైన. అణువుల లెక్కలో చూస్తే హైడ్రోజన్‌కు రెట్టింపు కంటే తక్కువే. సెలైన్ రూపంలో ఇవ్వాలనుకుంటే ఈ లెక్కలో మీథేన్‌దే పైచేయి. కానీ సెలైన్‌తో రక్తంలోకి వెళ్లిన వాయువు ఊపిరితిత్తులు చేరగానే శ్వాసతో బయటికి పోతుంది. అదే 2.5 శాతం మీథేన్ ఉన్న గాలి పీలిస్తే, అర లీటరు శ్వాసకు 12 మిల్లీలీటర్ల చొప్పున లోపలికి వస్తూనే ఉంటుంది, పీల్చినంతసేపు రక్తంలో మట్టం నిలకడగా ఉంటుంది. కాబట్టి మీథేన్ సెలైనా, మీథేన్ గాలా అని అడిగితే, గంటల తరబడి కాపుదల కావాల్సిన చోట గాలిదే మేలు. చిన్న ఎలుకకు ఒక ఇంజెక్షన్‌తో సరిపోయింది కదా అని డెబ్బై కిలోల మనిషికి సరిపోతుందనుకోలేం.

నిప్పు

మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం ఉంటే అంటుకుంటుంది. హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా అంటుకుంటుంది, పైగా దానికి కావలసిన నిప్పురవ్వ మీథేన్‌కు కావలసినదాంట్లో పదో వంతు కూడా ఉండదు. ప్రయోగాల్లో వాడిన 2.5 శాతం మీథేన్, 2 శాతం హైడ్రోజన్ రెండూ హద్దుకు కిందే. ఆసుపత్రిలో కలిపే యంత్రం తప్పు చేసినా, పైపు లీకై మూల గదిలో పోగైనా ఏది తక్కువ భయం? మీథేన్. ఈ ఒక్క విషయంలో నాకు అనుమానం లేదు. మన దగ్గర ఐసీయూల్లో ఆక్సిజన్ గొట్టాలు, వైర్లు ఒకదాని మీద ఒకటి ఎలా అల్లుకుని ఉంటాయో మామ దగ్గర కూర్చున్న నాలుగు రాత్రులూ చూశాను.

మిగతా వాయువులు

నైట్రిక్ ఆక్సైడ్ ఇప్పటికే మందుగా అంగీకారం పొందింది. 1999లో అమెరికాలో, ఊపిరితిత్తుల రక్తపోటుతో ఊపిరాడని నవజాత శిశువుల కోసం. అది వేరే జబ్బు, వేరే పని. కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కొద్ది మోతాదులో మేలు చేస్తుందని పరిశోధనలున్నా మోతాదు తప్పితే చావే. హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి రొయ్యల రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. అడుగున నల్లమట్టి, కుళ్లిన గుడ్డు వాసన, తెల్లారేసరికి గట్టు వెంట రొయ్యలు తేలడం.

రైతులు తరచూ అడిగేది ఒకటుంది. వరి మడిలో మీథేన్, పక్కనే రొయ్యల గుంటలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఎందుకు ఎక్కువ అని. సముద్రపు నీళ్లలో సల్ఫేట్ ఎక్కువ. దాన్ని తినే బ్యాక్టీరియా, మీథేన్ చేసే జీవులకు దక్కాల్సిన ఆహారాన్ని ముందే లాక్కుంటుంది. మంచినీటి మడిలో ఆ పోటీ ఉండదు.

ఎలుకనుంచి మనిషిదాకా

ఇది రాయకుండా ఏ పోలికా నిజాయితీగా ఉండదు. రక్తం తిరిగొచ్చే దెబ్బను ఆపుతామని జంతువుల్లో నిరూపించుకున్న పద్ధతులు మనుషుల్లో వరసగా ఓడిపోయాయి. మైటోకాండ్రియా రంధ్రాన్ని మూసేస్తుందన్న సైక్లోస్పోరిన్‌ను గుండెపోటు రోగులు 970 మందిలో పరీక్షిస్తే 2015లో ప్రయోజనం లేదని తేలింది. చేతికి బీపీ పట్టీ కట్టి గాలి నింపుతూ వదులుతూ ఒంటిని ముందే సిద్ధం చేసే పద్ధతిని 5,401 మందిలో చూస్తే 2019లో అదీ లేదనే తేలింది. రెండూ జంతువుల ప్రయోగాల్లో ఆశ పుట్టించినవే.

ఎందుకు? నాకు అన్నిటికంటే బలంగా కనిపించే కారణం సమయం. ప్రయోగశాలలో రక్తం ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు వదలాలో ముందే తెలుసు. చాలా ప్రయోగాల్లో మందు రక్తం వదలకముందే లోపలికి వెళ్లిపోతుంది. పైగా ఎలుక వయసులో ఉంటుంది, షుగర్ ఉండదు, బీపీ ఉండదు, ముప్పై ఏళ్ల బీడీ అలవాటు ఉండదు. మా మామకు ఇవన్నీ ఉన్నాయి, మందు మొదలయ్యేసరికి ఐదు గంటలు గడిచాయి.

దీన్నిబట్టే మీథేన్‌కు సరైన చోటు ఎక్కడో నాకు అర్థమైంది. సమయం మన చేతిలో ఉండే చోట. అవయవ మార్పిడిలో గుండెను బయట ఉంచగలిగేది దాదాపు నాలుగు గంటలు, కాలేయాన్ని పది పన్నెండు గంటలు, కిడ్నీని ఒక రోజు పైన. నెల్లూరునుంచి చెన్నైకి 175 కిలోమీటర్లు, ట్రాఫిక్ ఆపి గ్రీన్ చానల్ ఇచ్చి పరుగెత్తించినా ప్రతి నిమిషం లెక్కే. ఆ అవయవం మునిగి ఉండే చల్లటి ద్రావణంలోనే మీథేన్ కరిగించి ఉంచితే? హంగరీ పరిశోధకులు ఎలుకల గుండె మార్పిడిలో సరిగ్గా అదే చేశారు, మార్చిన గుండె మెరుగ్గా పనిచేసింది. ఇక్కడ రోగి పీల్చక్కర్లేదు, గదిలో వాయువు లీకయ్యే భయం లేదు, మోతాదు ఎంత కరిగితే అంతే. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ కింద దాతల కుటుంబాలు అంత దుఃఖంలో ఉండి ఇచ్చిన అవయవం చేరేసరికి చెడిపోకూడదు కదా. మీథేన్ పరిశోధనకు డబ్బు పెట్టే అధికారం నాకుంటే మొదట ఇక్కడే పెడతాను. ఇందులో నేను హైడ్రోజన్‌కంటే మీథేన్‌నే ఎంచుకుంటాను: ఎక్కువ కరుగుతుంది, తక్కువ మండుతుంది, దానికదే దేనితోనూ చర్య జరపదు.

ఎవరికి ఏది?

గుండె ఆగి తిరిగి కొట్టుకున్న రోగికి, ఐసీయూలో, పరిశోధనలో భాగంగా ఏదైనా వాయువు ఇవ్వాలంటే హైడ్రోజన్ ముందుంది. మార్పిడికి తీసిన అవయవానికి, ముందే తేదీ పెట్టుకున్న పెద్ద ఆపరేషన్‌కు మీథేన్ మీద నాకు ఎక్కువ ఆశ. ఇంట్లో కూర్చుని బాటిల్‌తో తాగడానికి రెండూ కావు.

కనిగిరి వైపునుంచి వచ్చే ఒక మేత వ్యాపారి ఈ మాటలు విని, "మా ఊళ్లో కిడ్నీ రోగులకు పనికొస్తుందా అన్నా?" అని అడిగాడు. ఆ ప్రాంతం ఫ్లోరైడ్ నీళ్లతో ఎంత నలిగిందో అందరికీ తెలుసు. అక్కడి మనిషికి కిడ్నీ అనే మాట వినబడితే చెవి అటే తిరుగుతుంది. ఆయనకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. మీథేన్ ప్రయోగాలు ఒక్కసారిగా రక్తం ఆగి వచ్చే దెబ్బ మీద. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పాడయ్యే కిడ్నీ వేరే జబ్బు. దీనికి అది మందు అని ఎవరైనా అమ్మితే డబ్బు ఇవ్వొద్దు. రక్తపింజరి కాటుతో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకూ ఇది వర్తించదు. అక్కడ యాంటీ వెనం, అవసరమైతే డయాలసిస్. అంతే.

బామ్మర్ది మొదటి రోజే అన్న మాటకు జవాబు విడిగా రాయాలి. "మన గోబర్ గ్యాస్ ప్లాంట్‌లో ఉండేదీ ఇదే గదా బావా, పైపు పెట్టి కాస్త పీలిస్తే?" వద్దు. ఎంత మాత్రం వద్దు. గోబర్ గ్యాస్‌లో మీథేన్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. సల్ఫైడ్ ఎక్కువైతే ముందు ముక్కు మొద్దుబారుతుంది, వాసన పోయింది కాబట్టి గ్యాస్ లేదనుకుంటాం. మీథేన్ కూడా ఎక్కువగా నిండితే గదిలో ఆక్సిజన్‌ను తోసేస్తుంది. సెప్టిక్ ట్యాంకులోకి దిగి ఒకరు, వాళ్లను తీయబోయి ఇంకొకరు పోయిన ఇళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నాయి. ప్రయోగంలో ఇచ్చేది సిలిండర్‌లో శుద్ధి చేసి, కొలిచి, మామూలు మోతాదు ఆక్సిజన్‌తో కలిపిన 2.5 శాతం. అది వేరు, తొట్టి పైపు వేరు. కడుపులో మీథేన్ పెంచుకుందామని తిండి మార్చుకోవడం కూడా వద్దు, దక్కేది మలబద్ధకమే.

మామ ఇప్పుడు పొద్దున పూట గట్టు మీద నెమ్మదిగా ఒక చుట్టు నడుస్తున్నాడు. రక్తం పలచబడే మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్ర ఒక్క పూట కూడా తప్పకుండా మామను పేరు పెట్టి పిలిచి మరీ అత్త మింగిస్తోంది. బాటిల్‌కు తీసి పెట్టిన డబ్బుతో బామ్మర్ది మూడు నెలలకొకసారి డాక్టరు చెప్పిన ఎకో స్కాన్ చేయిస్తున్నాడు. గుంటల కాపలా కుర్రాళ్లిద్దరినీ కూర్చోబెట్టి, ఛాతీలో బరువు, దవడ లాగడం, చెమటలు కలిసి వస్తే సోడా తేవొద్దని, ఎవరినీ అడక్కుండా 108కి ఫోన్ చేయమని చెప్పాడు. స్టార్టర్ బాక్స్ తలుపు లోపల, మోటార్ల నంబర్ల పక్కన, ఆ మూడంకెలు ఎర్ర పెయింటుతో రాసి ఉన్నాయి.